మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు ఏమేం చూడాలి? పిల్లలకు పరీక్ష ఎప్పుడు?

గోదావరి_ఫిజీషియన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక కేసులో మీ సలహా కావాలి. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను.

36 ఏళ్ల ఆవిడ. థైరాయిడ్ కుడి లోబ్ పైభాగంలో 2.4 సెం.మీ. గడ్డ ఉంది, లోపల ముతకగా సున్నపు చుక్కలు. అదే వైపు మెడ పక్కన 1.3 సెం.మీ. లింఫ్ గడ్డ కూడా తగులుతోంది. టీఎస్‌హెచ్ 2.1, మామూలే. ఎఫ్‌ఎన్‌ఏసీ (సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) రిపోర్టులో ‘మెడుల్లరీ కార్సినోమా అనుమానం’ అని రాశారు. కాల్సిటోనిన్ (ఈ క్యాన్సర్ కణాలు విడుదల చేసే హార్మోన్) 640 పికోగ్రాములు, సీఈఏ (రక్తంలో చూసే మరో క్యాన్సర్ గుర్తు) 31. కాల్షియం 9.6.

బీపీ 150/96. అప్పుడప్పుడు గుండె దడ, ఒళ్లంతా చెమటలు. థైరాయిడ్ వల్లే అనుకుని ఎవరో ప్రొప్రనొలాల్ 20 మి.గ్రా. రెండు పూటలా రాశారు, నెల రోజులుగా వాడుతోంది. వచ్చే వారం థైరాయిడ్ మొత్తం తీసేయడానికి తేదీ ఇచ్చారు. ఆ తర్వాత రేడియో అయోడిన్ ఇస్తారని ఇంట్లోవాళ్లకు చెప్పారట.

ఇద్దరు పిల్లలు, ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు. వంశపారంపర్యం సంగతి ఎత్తితే “మాది మేనరికం కాదండీ, మాకెందుకుంటుంది” అంటున్నారు.

నా సందేహాలు ఇవి. వచ్చే వారం ఆపరేషన్‌కు పంపవచ్చా? కాల్సిటోనిన్ 640 అంటే ఎంత పాకినట్టు? అయోడిన్ అవసరమేనా? పిల్లల విషయంలో ఏం చేయాలి?

మెడసర్జన్

సార్, ముందు ఆ తేదీని వాయిదా వేయించండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఆవిడకు బీపీ, దడ, చెమటలు మూడూ ఉన్నాయి, పైగా మెడుల్లరీ అనుమానం. ఆ మూడింటికీ మూలం కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలో ఉండవచ్చు. టీఎస్‌హెచ్ 2.1 ఉన్న మనిషికి థైరాయిడ్ వల్ల దడ రాదు. మెడుల్లరీ అన్న మాట వినగానే, బీపీ మామూలుగా ఉన్నా సరే, ఫియోక్రోమోసైటోమా (అడ్రినలిన్ లాంటి హార్మోన్లను గుప్పించే అడ్రినల్ గడ్డ) లేదని తేల్చుకోకుండా మత్తు ఇవ్వకూడదు. గడ్డ ఉన్న సంగతి తెలియకుండా మత్తు ఇస్తే టేబుల్ మీదే బీపీ 250 దాటి మనిషి చేజారిపోవచ్చు.

రక్తంలో ఫ్రీ మెటానెఫ్రిన్లు, నార్‌మెటానెఫ్రిన్లు (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) పంపండి. రక్తం తీసే ముందు ఇరవై ముప్పై నిమిషాలు పడుకోబెట్టాలి. కూర్చోబెట్టి తీస్తే నార్‌మెటానెఫ్రిన్ ఊరికే పెరిగి కనిపిస్తుంది. అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ల్యాబ్ కాగితం మీద రాయండి. రక్త పరీక్ష కుదరకపోతే 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్లు. ఆ ఫలితం పెరిగి ఉంటేనే పొట్ట సీటీ.

ప్రొప్రనొలాల్ ఆపించండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇదే. అది బీటా బ్లాకర్. అడ్రినలిన్ పనిచేసే ఆల్ఫా, బీటా దారుల్లో బీటాను ముందే మూసేస్తే రక్తనాళాలను వదులు చేసే దారి పోయి, ఆల్ఫా ఒక్కటే మిగులుతుంది, అడ్రినలిన్ నాళాలను ఇంకా బిగించేస్తుంది. వాంతి వస్తే మెటోక్లోప్రమైడ్ సూది, ఒంటి నొప్పులంటే డెక్సామెథసోన్ సూది మన దగ్గర అలవాటుగా పొడిచేస్తారు. ఫలితం వచ్చే దాకా ఆవిడకు ఆ రెండూ ఇవ్వవద్దని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

ఇక 640 సంగతి. ఆపరేషన్‌కు ముందు కాల్సిటోనిన్ 20 దాటితే గడ్డ ఉన్న వైపు మెడ నోడ్స్‌ (లింఫ్ గడ్డలు)లోకీ, 50 దాటితే రెండో వైపు మధ్య భాగంలోకీ, 200 దాటితే రెండో వైపు మెడ పక్కకీ, 500 దాటితే ఛాతీ పైభాగంలోకీ పాకి ఉండే అవకాశం మొదలవుతుంది. కచ్చితంగా పాకిందని కాదు, వెతకకుండా వదలకూడదని అర్థం. 500 దాటింది కాబట్టి మెడ, ఛాతీ కాంట్రాస్ట్ సీటీ, కాలేయానికి మూడు దశల సీటీ లేదా ఎంఆర్‌ఐ, వెన్నెముక, కటి ఎముకలకు ఎంఆర్‌ఐ చేయించండి. కాంట్రాస్ట్‌లో అయోడిన్ ఉంటుందని జంకనక్కర్లేదు. పాపిల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో తర్వాత అయోడిన్ చికిత్సకు అడ్డొస్తుందని ఆలోచిస్తాం, ఇక్కడ ఆ చికిత్సే లేదు.

ఎందుకు లేదంటే, ఈ క్యాన్సర్ పుట్టేది థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాల్లో కాదు, వాటి మధ్య ఉండే సీ కణాల్లో. అవి అయోడిన్‌ను పీల్చుకోవు, టీఎస్‌హెచ్ మాట వినవు. అందుకని రేడియో అయోడిన్ దండగ. తర్వాత థైరాక్సిన్ ఎక్కువిచ్చి టీఎస్‌హెచ్‌ను అణచి ఉంచడం కూడా అనవసరం. కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదలుపెట్టి టీఎస్‌హెచ్ మామూలు స్థాయిలో ఉంచితే చాలు. అయోడిన్ మాట ఇంట్లోవాళ్లకు చెప్పేశారు కాబట్టి, అది ఈ రకానికి పనికిరాదని మీరే విడమర్చి చెప్పండి. లేకపోతే “మాకు వైద్యం సగంలో ఆపేశారు” అనుకుంటారు.

ఆపరేషన్ అంటే రెండు లోబ్‌లూ, మెడ మధ్య భాగంలోని నోడ్స్ రెండు వైపులా తీయాలి. కుడివైపు నోడ్‌కు సూది వేసి పాజిటివ్ వస్తే ఆ పక్క కూడా శుభ్రం చేయాలి. కాల్సిటోనిన్ 200 దాటింది కాబట్టి, అలాంటప్పుడు స్కాన్‌లో కనిపించకపోయినా రెండో పక్క గురించి కూడా ఆలోచిస్తాం. కంటికి పెద్దగా ఉన్న నోడ్‌ను ఏరి తీసే పద్ధతి వద్దు. మిగిలిన వాటి కోసం మచ్చ పడిన మెడలో రెండోసారి కోయాల్సి వస్తుంది, స్వరపేటిక నరానికి ముప్పు అప్పుడే ఎక్కువ.

పీటీహెచ్ (థైరాయిడ్ వెనకుండి కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్) కూడా ఇప్పుడే చూడండి. పారాథైరాయిడ్ పెరిగి ఉంటే అదీ ఇదే ఆపరేషన్‌లో చూసుకోవాలి.

స్లైడ్_బల్ల

మెడసర్జన్ గారు చెప్పిన దానికి పాథాలజీ వైపు నుంచి కొన్ని మాటలు.

ఎఫ్‌ఎన్‌ఏసీ ఒక్కదాన్నే నమ్ముకుంటే మెడుల్లరీలో దాదాపు సగం దొరకవు. కణాలు ఒకచోట గుండ్రంగా, ఇంకోచోట కదురులాగా సాగి ఉంటాయి. ఫాలిక్యులర్ అనో, హర్తిల్ కణాలనో, అనాప్లాస్టిక్ అనో వేరే రకం గడ్డగా పొరబడటం సులువు. అనుమానం ఉంటే స్లైడ్‌కు కాల్సిటోనిన్, క్రోమోగ్రానిన్, సీఈఏ స్టెయిన్లు వేయించాలి, అవి పాజిటివ్ వచ్చి థైరోగ్లోబులిన్ నెగటివ్ రావాలి. నోడ్‌కు సూది వేసినప్పుడు స్లైడ్ చేశాక అదే సూదిని 1 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కడిగి, ఆ నీటిలో కాల్సిటోనిన్ చూడమనండి. స్లైడ్ మీద కణాలు సరిగ్గా రాకపోయినా ఇది తేల్చేస్తుంది. సూది తీసేశాక గుర్తుకొస్తే లాభం లేదు, సెలైన్ ట్యూబ్ ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

కాల్సిటోనిన్ శాంపిల్ గురించి. ఇది గది వేడిమిలో విరిగిపోయే పదార్థం. చిన్న ఊళ్లలో కలెక్షన్ సెంటర్ వాళ్లు పొద్దున తీసిన ట్యూబ్‌ను మధ్యాహ్నం కొరియర్ వచ్చే దాకా స్టాండులో ఉంచేస్తారు. అలా వచ్చిన అంకెను పట్టుకుని తర్వాత ‘తగ్గింది, పెరిగింది’ అని లెక్కలు వేస్తే అన్నీ తప్పుతాయి. ట్యూబ్‌ను వెంటనే ఐస్‌లో పెట్టి, అరగంటలోపు సెంట్రిఫ్యూజ్ తిప్పి, సీరం వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపాలి. ప్రతిసారీ ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి. ల్యాబ్ మారిస్తే పాత అంకెతో పోల్చకండి.

తప్పుగా పెరిగినట్టు చూపేవి కూడా ఉన్నాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, నెలల తరబడి పాంటోప్రజోల్ లాంటివి మింగేవాళ్లలో కొంచెం పెరుగుతుంది. కానీ అది కొంచెమే, 640కి ఆ కారణాలు సరిపోవు. తప్పుగా తగ్గించేవి ఇంకా ప్రమాదం. జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల మీద కాల్సిటోనిన్‌ను తక్కువ చేసి చూపిస్తాయి, పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపించండి. గడ్డ పెద్దదిగా, సీఈఏ బాగా ఎక్కువగా ఉండి కాల్సిటోనిన్ మాత్రం విచిత్రంగా తక్కువ వస్తే హుక్ ఎఫెక్ట్ (అసలు పదార్థం మరీ ఎక్కువై యంత్రం తక్కువ చూపడం) అనుమానించి, శాంపిల్‌ను పది రెట్లు, వంద రెట్లు పలుచన చేసి మళ్లీ నడపమని ల్యాబ్‌కు ఫోన్ చేయండి. మీరు అడగకపోతే వాళ్లంతట వాళ్లు చేయరు.

ఆపరేషన్ తర్వాత బయాప్సీ రిపోర్టులో గ్రేడ్ రాయమనండి. 2022 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో ఇది చేరింది. కణవిభజనలు 2 చ.మి.మీ.కు 5 లేదా అంతకు మించినా, కేఐ-67 (కణాలు ఎంత చురుగ్గా పెరుగుతున్నాయో చూపే గుర్తు) 5 శాతం లేదా ఎక్కువున్నా, గడ్డలో కుళ్లు కనిపించినా, ఆ మూడింట్లో ఏ ఒక్కటున్నా హై గ్రేడ్. రెండు లోబ్‌లలోనూ గడ్డలుంటే, చుట్టూ సీ కణాలు గుంపులుగా పెరిగి ఉంటే వంశపారంపర్యం వైపే చూపిస్తాయి.

జన్యువంశం

మేనరికం మాట గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క అపోహ వల్ల పిల్లల పరీక్షలు ఏళ్ల తరబడి ఆగిపోతున్నాయి.

మేనరికంలో మనం భయపడే జబ్బులకు జీన్ రెండు కాపీలూ పాడవ్వాలి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వంశపారంపర్య మెడుల్లరీకి మూలమైన రెట్ జీన్ అలా కాదు. ఒక్క కాపీ పాడైతే చాలు. అమ్మకో నాన్నకో ఒక్కరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. పరాయి సంబంధం చేసుకున్నంత మాత్రాన ఇది తప్పదు. ఇంట్లో అంతకు ముందు ఎవరికీ లేకపోయినా రావచ్చు. పైకి ఒంటరి కేసుల్లా కనిపించేవాళ్లలో కూడా నూటికి ఒకరి నుంచి ఏడుగురి దాకా రక్తంలో మార్పు బయటపడుతుంది. అందుకే వయసు, కుటుంబ చరిత్ర చూడకుండా మెడుల్లరీ వచ్చిన ప్రతి ఒక్కరికీ రెట్ పరీక్ష చేయాలి. మొత్తం మీద నాలుగింట ఒక వంతు కేసులు వంశపారంపర్యమే.

మేనరికం వేరే రకంగా మాత్రం లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు ఒకావిడ మేనమామనే చేసుకుందనుకోండి, ఆవిడకు మార్పు తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి తమ్ముడే భర్త కాబట్టి అతనికీ ఉండే అవకాశం ఉంది. ఇద్దరికీ ఉంటే పిల్లలకు సగం కాదు, నాలుగింట మూడు వంతులు. అందుకే వంశవృక్షం గీసేటప్పుడు ‘అత్తగారి తరఫు, మా తరఫు’ అని రెండు కాగితాలు పెట్టుకోకండి. ఒకే కాగితం మీద రక్త సంబంధం ప్రకారం గీయండి. మన ఇళ్లలో ఒకే మనిషి రెండు వైపులా తేలుతుంటాడు. గీసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: మెడలో గడ్డ ఎవరికైనా ఉండేదా, ఆపరేషన్ టేబుల్ మీదో కాన్పులోనో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా, చిన్న వయసులోనే బీపీ, పక్షవాతం వచ్చాయా.

పరీక్షకు ఈడీటీఏ ట్యూబ్‌లో 3 మి.లీ. రక్తం చాలు. రెట్ జీన్‌లో ఎగ్జాన్ (జీన్‌లోని భాగం) 8, 10, 11, 13, 14, 15, 16 కవర్ అవుతున్నాయో లేదో ముందే అడగండి. గడ్డ ముక్క మీద చేసే పరీక్ష వేరు, రక్తం మీద చేసేది వేరు. గడ్డలో ఎం918టీ అనే రెట్ మార్పు కనిపిస్తే అది గడ్డలో మాత్రమే పుట్టింది కావచ్చు, ఒంటరి కేసుల్లో అదే ఎక్కువగా కనిపిస్తుంది. రక్తంలో ఉంటేనే పిల్లల సంగతి. రిపోర్టులో జీ691ఎస్ లాంటి మార్పు రాసి ఉంటే కంగారు పడకండి, అది జనంలో మామూలుగా ఉండే తేడా. ‘పాథోజెనిక్’ (జబ్బు తెచ్చేది) అని రాసి, కోడాన్ నంబర్ (జీన్‌లో మార్పు ఉన్న చోటు) ఇచ్చి ఉందా అన్నదే ముఖ్యం. ఆ నంబరే పిల్లలకు ఆపరేషన్ ఏ వయసులో అన్నది నిర్ణయిస్తుంది.

ఆవిడకు ఫలితం వచ్చాక పిల్లలకు మొత్తం జీన్ చదివించక్కర్లేదు. ఆ ఒక్క చోటును మాత్రమే చూస్తే సరిపోతుంది, ఖర్చూ తక్కువే. ఆవిడ అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కూడా అదే. ఒకరికి లేదని తేలితే వాళ్ల పిల్లలు, మనవళ్లు అందరూ ఈ లెక్కలోంచి బయటపడినట్టే. ‘లేదు’ అన్న ఫలితం కూడా ఒక ఇంటి మొత్తానికి జీవితాంతం పరీక్షలు తప్పిస్తుంది.

ఇంకో మాట. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని చెల్లెలికీ బాబాయి పిల్లలకీ చెప్పకుండా దాచేవాళ్లున్నారు. నోటితో చెప్పమంటే చెప్పరు. కోడాన్ నంబర్, చేయించాల్సిన పరీక్ష పేరు రాసి ఒక ఉత్తరం మీరే తయారుచేసి ఇవ్వండి. దాన్ని వాట్సాప్‌లో పంపడం వాళ్లకు సులువు.

గోదావరి_ఫిజీషియన్

చాలా కృతజ్ఞతలు. ఆపరేషన్ వాయిదా వేయించాం. మెటానెఫ్రిన్ మామూలు పైపరిమితికి మూడు రెట్లు వచ్చింది. సీటీలో ఎడమ అడ్రినల్‌లో 2.8 సెం.మీ. గడ్డ. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకల్లో ఏమీ లేదు. నోడ్ కడిగిన నీటిలో కాల్సిటోనిన్ పాజిటివ్. పీటీహెచ్ మామూలే. రెట్ ఫలితం కూడా వచ్చింది: ఎగ్జాన్ 11, సీ634ఆర్ (కోడాన్ 634), పాథోజెనిక్. పిల్లలకు రక్తం పంపితే పాపకు ఉంది, బాబుకు కూడా ఉంది.

ఇప్పుడు ముందు ఏ ఆపరేషన్? పిల్లలకు ఎప్పుడు?

మెడసర్జన్

ముందు అడ్రినల్. అందులో రెండో మాట లేదు.

ఆల్ఫా బ్లాకర్ పది నుంచి పద్నాలుగు రోజులు. ఫినాక్సీబెంజమిన్ దొరికితే అది, లేకపోతే ప్రజోసిన్. ప్రజోసిన్ మొదటి మోతాదు 1 మి.గ్రా. రాత్రి పడుకునే ముందు, మంచం మీద ఉండగానే వేసుకోమనండి. మొదటి మాత్రకు లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం మామూలు. తర్వాత రోజూ బీపీ చూస్తూ రెండు మూడు పూటలకు పెంచండి. కూర్చున్నప్పుడు 130/80 లోపు, నిలబడ్డప్పుడు పైబీపీ 90కి తగ్గకుండా ఉండాలి. రెండు మూడు రోజులయ్యాక ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమనండి. ఇన్నాళ్లు బిగిసి ఉన్న నాళాలు వదులయ్యాయి కాబట్టి వాటిని నింపాలి. నింపకపోతే గడ్డ తీసిన మరుక్షణం బీపీ కిందికి జారిపోతుంది. ‘బీపీ ఉంది, ఉప్పు తగ్గించండి’ అని ఇంట్లో ఇంకెవరైనా చెబుతారు, ముందే హెచ్చరించండి. దడ ఇంకా ఉంటే అప్పుడు బీటా బ్లాకర్, ముందు కాదు.

634లో రెండో అడ్రినల్‌లో కూడా తర్వాతెప్పుడో గడ్డ రావచ్చు. అందుకని మొత్తం గ్రంథి తీసేయకుండా బయటి పొర కొంత మిగల్చడం కుదురుతుందా అని సర్జన్‌ను అడగండి. రెండు వైపులా పోతే జీవితాంతం స్టెరాయిడ్ మాత్రలే ఆధారం, జ్వరం వచ్చిన రోజు మాత్ర మానేసినా ప్రాణం మీదికొస్తుంది.

అడ్రినల్ కుదురుకున్నాక మెడ. రెట్ ఫలితం ముందే రావడం ఇక్కడ పనికొస్తుంది. మెడలో పారాథైరాయిడ్ రక్తప్రసరణ పోతే దాన్ని చిన్న ముక్కలు చేసి కండరంలో నాటుతాం. మామూలు కేసులో మెడ కండరంలోనే నాటుతాం. 634లో ఆ గ్రంథులే తర్వాత పెరిగి కాల్షియం పెంచుతాయి కాబట్టి పని తక్కువున్న చేతి ముంజేతి కండరంలో నాటాలి. రేపు తీయాల్సి వస్తే మెడ మళ్లీ తెరవనక్కర్లేదు.

ఆపరేషన్ అయిన రెండో మూడో రోజు పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు వస్తే కాల్షియం పడిపోయిందని అర్థం. ఇంటికి పంపేటప్పుడే కాల్షియం, కాల్సిట్రయాల్ మాత్రలు చేతికివ్వండి. చేతులు కొంకర్లు పోతే ఆగకుండా ఆసుపత్రికి రావాలి. థైరాక్సిన్ పరగడుపున, కాల్షియం దానికి నాలుగు గంటల తర్వాత. రెండూ కలిపి మింగితే థైరాక్సిన్ ఒంటికి పట్టదు.

పిల్లల_ఎండో

634 ‘హై రిస్క్’ వర్గం. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల ప్రకారం థైరాయిడ్‌ను ఐదేళ్లకు లేదా అంతకు ముందే తీయాలి. ఎం918టీ అయితే మొదటి ఏడాదిలోనే. మిగతా కోడాన్లలో చాలావాటికి కాల్సిటోనిన్ చూస్తూ కొంత ఆగవచ్చు.

పాపకు ఏడేళ్లు, అంటే ఇప్పటికే ఆలస్యం. వెంటనే మెడ స్కాన్, కాల్సిటోనిన్. 40 లోపు ఉండి, నోడ్స్ ఏమీ కనిపించకపోతే థైరాయిడ్ మాత్రమే తీస్తే చాలు. 40 దాటితే మెడ మధ్య నోడ్స్ కూడా తీయాలి. ఈ తేడా పాపకు చాలా పెద్దది, ఎందుకంటే నోడ్స్ తీసేటప్పుడే పారాథైరాయిడ్‌లు పోతాయి. చిన్న పిల్లల్లో అవి బియ్యపు గింజకన్నా చిన్నగా, పొరలాగా పారదర్శకంగా ఉంటాయి, పక్కనున్న కొవ్వు ముక్కకీ వాటికీ తేడా పట్టడానికి అనుభవం కావాలి. అందుకే పిల్లల ఆపరేషన్ దగ్గర్లో ఉందని ఎక్కడో అక్కడ చేయించకండి. ఎండోక్రైన్ సర్జరీ విభాగం ఉన్న పెద్ద కేంద్రానికి పంపండి. వెల్లూరు సీఎంసీ, లక్నో ఎస్‌జీపీజీఐ లాంటి చోట్ల ప్రత్యేక విభాగాలున్నాయి. దూరమైనా ఒక్కసారి వెళ్లడం మేలు.

బాబుకు మూడేళ్లు. ఈ వయసు నుంచే ఏటా స్కాన్, కాల్సిటోనిన్. పెరగకపోయినా ఐదు దాటనివ్వకండి, పెరిగితే అప్పుడే. మూడేళ్లలోపు పిల్లల్లో కాల్సిటోనిన్ సహజంగానే ఎక్కువుంటుంది, అంకెను పెద్దవాళ్ల పరిమితితో పోల్చి బెదిరిపోవద్దు.

ఫియోక్రోమోసైటోమా, పారాథైరాయిడ్ పరీక్షలు ఈ కోడాన్‌లో 11 ఏళ్ల నుంచి ఏటా మొదలవుతాయి. అయినా ఇంత చిన్న పిల్లలకైనా మత్తు ఇచ్చే ముందు ఒకసారి మెటానెఫ్రిన్ చూస్తే పోయేదేమీ లేదు.

తర్వాత థైరాక్సిన్ బరువును బట్టి. ఏడేళ్ల పాప 22 కిలోలుంటే కిలోకు 4 చొప్పున 88 మైక్రోగ్రాముల మాత్ర. ఒకటి నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు కిలోకు 5 నుంచి 6 పడుతుంది. బరువు పెరిగే కొద్దీ మోతాదు మారాలి, మూడు నుంచి ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్. చిన్నవాడికి మాత్రను స్పూన్ నీళ్లలో నలిపి అప్పటికప్పుడు పట్టాలి, పాల సీసాలో కలిపి పెట్టకూడదు.

“ఒంట్లో ఏ బాధా లేని పిల్లకు గొంతు కోయిస్తారా” అని తాతలు నానమ్మలు అడ్డుపడతారు. నోడ్స్‌కు పాకక ముందు తీస్తే ఈ పిల్లలకు ఈ క్యాన్సర్ బెడద అక్కడితో తీరిపోతుంది. పాకాక ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా ఆ హామీ ఇవ్వలేం. వాళ్లను కూర్చోబెట్టి ఈ రెండు మాటలే చెప్పండి.

కీమోవార్డు

తల్లి విషయంలో తర్వాతి సంగతులు కొంచెం రాస్తాను.

ఆపరేషన్ అయ్యాక మూడు నెలలకు కాల్సిటోనిన్, సీఈఏ. వారంలోనే చూసి ‘ఇంకా ఉంది’ అని భయపెట్టకండి, అది పూర్తిగా దిగడానికి టైం పడుతుంది. అసలు కనిపించనంత తక్కువైతే మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా. 150 లోపు ఏదో ఒక అంకె మిగిలితే చాలావరకు మెడలోనే మిగిలినట్టు, మెడ స్కాన్ చాలు. 150 దాటితే శరీరమంతా వెతకాలి.

నోడ్స్‌కు పాకిన కేసు కాబట్టి కాల్సిటోనిన్ పూర్తిగా సున్నా కాకపోవచ్చు. ఆ మాట ముందే చెప్పి పెట్టండి. చూడాల్సింది అంకెను కాదు, ఎంత వేగంగా రెట్టింపవుతోందన్నదాన్ని. లెక్క ఇలా: రెండు పరీక్షల మధ్య నెలలను 0.693తో గుణించి, కొత్త అంకెను పాత అంకెతో భాగించి వచ్చినదాని సహజ లాగరిథంతో భాగించాలి. 80 ఉన్నది 12 నెలల్లో 130 అయితే రెట్టింపుకు దాదాపు 17 నెలలు. రెండు అంకెలతో తొందరపడకండి, కనీసం నాలుగు కావాలి. ఆరు నెలల్లోపే రెట్టింపవుతుంటే జబ్బు చురుగ్గా ఉంది. రెండేళ్లు పైబడి పడుతుంటే మనిషి చాలా ఏళ్లు మామూలుగా బతుకుతారు, వాళ్లకు మందు అవసరం లేదు. కాల్సిటోనిన్ నిలకడగా ఉండి సీఈఏ ఒక్కటే ఎక్కుతుంటే మాత్రం జాగ్రత్త, కణాలు తమ స్వభావం కోల్పోయి ముదురుతున్నాయని అర్థం.

మాత్రలు ఎప్పుడు? స్కాన్‌లో గడ్డలు పెరుగుతున్నట్టు కనిపిస్తేనో, బాధ పెడుతుంటేనో. అంకె పెరిగిందని మాత్రమే మొదలుపెట్టకూడదు, ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాల్సిన మందులివి. వాండెటానిబ్ 2011లో, కాబోజాంటినిబ్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి. అవి రెట్‌తో పాటు ఇతర మార్గాలనూ మూసేస్తాయి, అందుకే విరేచనాలు, చర్మం మంట, బీపీ. 2020లో వచ్చిన సెల్పెర్కాటినిబ్ రెట్‌నే గురిపెడుతుంది. 2023లో వెలువడిన లిబ్రెటో-531 అనే క్లినికల్ ట్రయల్‌లో పాత రెండు మందులతో పోలిస్తే జబ్బు ముదరడం లేదా మరణం ముప్పు 72 శాతం తగ్గింది. 50 కిలోలు, ఆ పైన ఉంటే 160 మి.గ్రా., తక్కువుంటే 120, రోజుకు రెండుసార్లు. లివర్ ఎంజైములు, బీపీ, ఈసీజీ చూస్తుండాలి. పాంటోప్రజోల్ లాంటివి దీన్ని ఒంటికి పట్టనివ్వవు, తప్పనిసరైతే సెల్పెర్కాటినిబ్‌ను భోజనంతో కలిపి ఇవ్వాలి. వాండెటానిబ్ మీద ఉన్నవాళ్లకు జలుబుకు అజిత్రోమైసిన్, వాంతులకు ఓండాన్సెట్రాన్ ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఊళ్లో ఏ క్లినిక్‌కు వెళ్లినా ఆ పేరు చూపించమనండి.

కాల్సిటోనిన్ బాగా ఎక్కువున్నవాళ్లకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ మార్చకుండా లోపెరమైడ్‌తో మొదలుపెట్టండి.

గోదావరి_ఫిజీషియన్

చివరగా ఒకటి. ఆవిడ అక్కకు 41 ఏళ్లు, షుగర్, బరువు ఎక్కువ. రెండు నెలలుగా సెమాగ్లుటైడ్ సూది వేసుకుంటోంది. రెట్ పరీక్ష ఇంకా చేయించుకోలేదు. బీపీ మందు కూడా ఉంది.

జన్యువంశం

సూది ఈ వారం నుంచే ఆపించి షుగర్‌కు వేరే మందు చూడండి. సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్, డులాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఏదైనా సరే, ఇంట్లో మెడుల్లరీ లేదా మెన్-2 (రెట్ మార్పు వల్ల మెడుల్లరీతో పాటు అడ్రినల్, పారాథైరాయిడ్ గడ్డలు కూడా రాగల వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని వాటి లేబుల్ మీదే పెట్టె కట్టి ఉంటుంది. ఎలుకల్లో సీ కణాల గడ్డలు రావడం చూసి పెట్టిన హెచ్చరిక అది. మనుషుల్లో అలా వస్తుందని రుజువు కాలేదు, కానీ సీ కణాల్లో ముందే మార్పు ఉండే అవకాశం సగం ఉన్న మనిషిలో ఆ ప్రయోగం చేయకూడదు.

రెట్ రక్తం 634 ఒక్క చోటుకే పంపండి. అక్క బీపీకి ఏం వాడుతోందో చూడండి, అది బీటా బ్లాకర్ అయితే ఫలితం కోసం ఎదురుచూడకుండా మెటానెఫ్రిన్లు కూడా అదే రోజు తీయించండి. పాజిటివ్ వస్తే కాల్సిటోనిన్, మెడ స్కాన్, కాల్షియం, పీటీహెచ్, తర్వాత అక్క పిల్లలు. నెగటివ్ అయితే సూది మళ్లీ మొదలుపెట్టవచ్చా అన్నది షుగర్ డాక్టర్‌తో మాట్లాడి, ఆ నెగటివ్ రిపోర్టు నకలు ఆవిడ ఫైల్లో పెట్టి తేల్చండి. లేకపోతే కుటుంబ చరిత్ర చూసిన ప్రతి డాక్టరూ మళ్లీ ఆపేస్తారు.